రెండు జిల్లాల చెలికత్తెలు

హేమంత సాయంకాల భానుబింబము కొబ్బరితోటల వెనుకకు మెల్లమెల్లగా జారుచు సిమెంటు మైదానముపై నిడుపాటి నీడలను పరచుచుండగా, రాష్ట్రపు నలుమూలలనుండి వచ్చి మెట్లపై గుమిగూడిన బాలికాజనము చేయు కోలాహలమునకు కాకులు సైతము గూళ్లు చేర సందేహించుచుండెను. ఉన్నత పాఠశాలల యంతర్జిల్లా బాస్కెట్‌బాల్ పోటీలలో అదియే తుది యాట.

ఇచ్చట చదువరులకొక సంగతి విన్నవింపవలసియున్నది. ఆనాడు తలపడిన రెండు జిల్లాల నడిమి కాలువకు తూర్పుదరియు పడమటిదరియు క్రిందటి యేటివరకు నొక్కటే జిల్లా. తూర్పుదరి ఝాన్సీయు పడమటిదరి మేరీ సుగుణయు నొకే జట్టున, నొకే రంగు బనీను తొడిగి పెరిగిరి. ఝాన్సీ బంతినిచ్చి ముందునకురుకును. సుగుణ మరల నామెకే యందించును. బంతి బుట్టలో పడును. అన్నము కలుపుకొన్న చేయి నోటికి పోవునట్లు వారికది యలవాటయ్యెను. అంతలో ప్రభుత్వమువారు పటముపై నొక గీత గీచి జిల్లాను రెండు చేసిరి. చెలికత్తెలు ప్రత్యర్థులైరి.

ఝాన్సీకిది పదవ తరగతి. సైకిళ్లు బాగుచేయు నామె తండ్రి వీరాస్వామి “రాష్ట్రపు జట్టులో చోటు దొరికెనా, ఆడుకో తల్లీ. దొరకలేదా, ఈ యేటితో బంతి చాలు” అని తేల్చి చెప్పియుండెను. ఆ జట్టు నెన్నుకొని యాట నేర్పు విమలాదేవిగారు మైదానము ప్రక్కనే కన్నార్పక కూర్చుండిరి.

ఆట ముగియవచ్చెను. పడమటివా రొక్క పాయింటు ముందుండిరి. పడమటివారిద్దరు చుట్టుముట్టి యూపిరి సలుపనీయకుండగా, ఎడమప్రక్కను చిరపరిచితమైన యడుగుల చప్పుడు విని, ఝాన్సీ తల త్రిప్పకయే బంతి నటు విసరి ముందునకురికెను. అయ్యో! అందుకొన్నది ప్రత్యర్థి సుగుణ! అయితే నేమి? సుగుణ చేతులు సుగుణ కంటె ముందే కదలెను. బంతి తిరిగి వచ్చెను. ఝాన్సీ దానిని బుట్టలో వేసెను. ఈల మ్రోగెను. తూర్పువారు గెలిచిరి.

మెట్లపైవారు తెల్లబోయి, పిదప పగలబడి నవ్విరి. సుగుణ మొగము కప్పుకొని కూలబడెను. ఝాన్సీ కప్పును గూడ చూడక పోయి యామె ప్రక్క కూర్చుండెను. శత్రువునకు బంతి నప్పగించిన దానిని జట్టులోనికెవరు పిలుతురు? తన యాట నేటితో సరి యని ఝాన్సీ గుండె నీరయ్యెను.

“తప్పు నాదేనే. ముందు నేనే కదా నీకిచ్చితిని!”

“నీవు బంతియే యిచ్చితివి. నేను కప్పే యిచ్చితిని గదటే!” అని సుగుణ యేడ్చుచునే నవ్వెను.

అంతలో విమలాదేవిగారు వచ్చి వారి యెదుట నిలిచిరి. “చూడక నీవిచ్చితివి, చూడకయే యామె యిచ్చెను. ఇది నేర్పుటకు నాకేండ్లు పట్టునమ్మా. రాష్ట్రపు జట్టులో మీరిద్దరు నొకవైపే యాడవలెను. అచ్చటనైనను బంతిని పొరుగువారికి పంచిపెట్టకుడు.”

ఝాన్సీ మెట్లపైనున్న తండ్రి వంక చూచెను. వీరాస్వామి, నూనె మరకల చేతులెత్తి, అందరికంటె బిగ్గరగా చప్పట్లు కొట్టుచుండెను.

జిల్లా రెండైనదను నుత్తరువు కచేరీల కన్నిటికిని సకాలమున చేరెను. ఆ యిద్దరు బాలికల చేతులకు మాత్రము నేటికిని చేరలేదు.