రెక్క కొట్టని గద్ద

గాలి కంటికి కనిపించదని లోకమంతా అంటుంది. కన్నారావు మాత్రం ఒప్పుకోడు. నేల వేడెక్కి గాలి పైకి లేచే చోట గద్దలు రెక్క కొట్టకుండా గుండ్రంగా తిరుగుతాయి. సరిగ్గా అక్కడికి పంపితే ఇంజను లేని గ్లైడరు కూడా తేలుతుంది. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఈ పాఠం విని విని గంగాభవానికి చెవులు చిల్లులు పడ్డాయి.

ఆ ఆదివారం ఇద్దరూ పడవెక్కి ఏటి అవతలున్న దలా ఊరికి వెళ్ళి, కోతలైన పొలంలో నిలబడ్డారు. వానాకాలమంతా ఇరుకు గదిలో కూర్చుని ఆయన చెక్కిన బొమ్మ గ్లైడరు చేతిలో ఉంది. పొలం చివర కాలువ. అందులో పడితే ఆ కష్టమంతా నీళ్ళపాలే.

కన్నారావు దాన్ని చేత్తో విసిరి, రెండు పుల్లల రిమోటు అందుకున్నాడు. "అదిగో గద్దలు, కుడేపు!" అంటూ అటు తిప్పాడు.

గద్దలున్న మాట నిజమే. కానీ వాటి కింద తడకల మీద చేపలు ఎండుతున్నాయి. వాటి కోసం అవి టపటపా రెక్కలు కొట్టుకుంటూ తిరుగుతున్నాయి. ఆ తేడా ఆవిడకు నేర్పిందే ఆయన. మొన్న ఆయన టీలో ఉప్పు వేసుకున్నదీ, ఇందాక పడవ మెట్టు తడుముకున్నదీ ఇందుకన్నమాట.

"రెక్కలు కొడతన్నాయి. సేపల కోసం," అంది మెల్లగా.

కన్నారావు మొహం పాలిపోయింది. గ్లైడరు కిందికి జారుతూనే ఉంది.

"కాలవ మీదికెల్తంది. తాడిసెట్టంత ఎత్తుంది, అంతే. ఏటి సేత్తావు?"

ఆయన తల వంచి, కదలకుండా నిలబడ్డాడు. "ఎనకనించి మెడకి సల్లగా ఇసురుతంది. అంటే ముందరెక్కడో గాలి లేస్తంది, అటే లాక్కుంటంది. ముందర ఏటుంది?"

"కల్లం. ఎండకి మాడిపోయుంది."

"అక్కడికే. నువ్వు సెప్పు, నాను తిప్పుతాను."

"ఎడం. ఇంకొంచెం. ఆగు!"

కల్లం మీద గ్లైడరు ఒక్కసారి ఊగి, పైకి లేచింది. చేపల మీద ఆశ వదులుకుని ఒక గద్ద వచ్చి దాని పక్కన చేరింది.

"రెక్క కొడతందా?" అడిగాడు.

"నేదు."

కన్నారావు పసిపిల్లాడిలా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "సెయ్యి వదిలిన కాణ్ణించీ అది నాకు కనపడ్నేదే, గంగా."

ఇన్నేళ్ళూ ఎవర్నీ ముట్టుకోనివ్వని రిమోటు ఆవిడ చేతుల్లో పెట్టాడు. "ఎక్కించటానికి మెడ సాలింది. దించటానికి కళ్ళు కావాల."

ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకునే వ్యవధి లేదు.

"ఏ పుల్ల ఎటు తొయ్యాల?" అంది.