పిలుపులన్నీ ఒక్కరికే

నరహరి మగ్గం మీద చీరలో గొల్లభామ బొమ్మ నేయడం ఎత్తుకున్నాడంటే ఆ ఇంట్లో ఎవరూ ఆయన్ని పిలవకూడదు. పోగు లెక్క తప్పితే గొల్లభామ నడుం వంకరపోతుంది మరి. పాలాయన వచ్చినా, చుట్టాలొచ్చినా, పిలుపులన్నీ ఆయన భార్య కొండవ్వకే. సిద్దిపేటలో ఆ నేతగాళ్ల వీధంతా ఇదే పద్ధతి.

కూతురు సింధుజ పక్క గదిలో కూర్చుని హైదరాబాదు కంపెనీకి పనిచేస్తుంది. వీడియో కాల్స్ నడిపే సర్వర్‌ను ఈమధ్యనే పూర్తిగా ఆమెకు అప్పజెప్పారు. డేటా వచ్చినప్పుడల్లా నెట్‌వర్క్ కార్డు "ఇటు చూడు" అని ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ఆ పిలుపునే ఇంటరప్ట్ అంటారు. సర్వర్‌లోని ఎనిమిది ప్రాసెసర్లలో ఏ పిలుపు దేనికి పోవాలో, వాటికి పని పంచే కెర్నెల్‌కు మనమే చెప్పొచ్చు. సింధుజ ఇంటి పద్ధతే పెట్టింది. పిలుపులన్నీ ఒక్క ప్రాసెసర్‌కు, మిగతా ఏడింటికీ ప్రశాంతంగా పని. తన తెలివికి తానే మురిసిపోయింది కూడా.

ఈరోజు పొద్దున్నే కాల్స్ తెగిపోవడం మొదలైంది. మేనేజర్ గజేందర్ ఫోన్ చేశాడు.

"సింధుజా, మధ్యాహ్నం దాక చూస్త. గప్పటికి గాకుంటె సర్వర్ వేరేటోళ్లకు ఇస్త, ఏమనుకోకు."

ఆమె "అవ్వా, చాయ్!" అని తల్లికి కేకేసి, ఏ ప్రాసెసర్ మీద ఎంత భారం ఉందో చూసింది. ఏడు హాయిగా ఉన్నాయి. ఎనిమిదోది పిలుపులకు బదులు చెప్పలేక ఉక్కిరిబిక్కిరవుతోంది. అది అందుకోలేని డేటా అంతా గంగపాలు.

పిలుపులను విడదీసి తలా కొన్ని ఎనిమిదింటికీ పంచింది. కాసేపటికి కాల్స్ నిలబడ్డాయి. "మంచిగైంది. సర్వర్ నీ దగ్గర్నే ఉండనీ" అన్నాడు గజేందర్.

సింధుజ ఊపిరి పీల్చుకుని తలెత్తింది. ఎదురుగా చాయ్ గ్లాసుతో అవ్వ. ఒక చేతికి పిండి, భుజం మీద తడిబట్ట. తన పిలుపూ ఆమెకే పోయిందని సింధుజకు సిగ్గేసింది.

"అవ్వా, నీకు గొల్లభామ నేసుడొస్తదా?"

"ఎందుకు రాదు బిడ్డా? పెండ్లిగాక ముందు మా నాయిన మగ్గం మీద నేనే నేస్తుంటి. గీడ కూసోనిస్తె గదా! జర కూసున్ననో లేదో ఎవలో ఒకలు పిలుస్తరు."

అవతలి గదిలో మగ్గం చప్పుడు ఆగింది. నరహరి విన్నాడు. కాస్త తటపటాయించి మగ్గం గుంటలోంచి లేచాడు.

"కొత్త బొమ్మ నువ్వెత్తుకో, సూద్దం."

కొండవ్వ నవ్వుతూనే చేతులు కడుక్కొచ్చి కూర్చుంది. ఆమె వేళ్లు ఏదీ మరిచిపోలేదు.

అంతలో వాకిట్లో గ్యాసాయన కేకేశాడు. ఆమె లేవబోయింది. "కూసో, నేను పోత" అని నరహరి పెద్దరికంగా బయటికి నడిచాడు. గడప దాటాడో లేదో అక్కడి నుంచే అరిచాడు.

"కొండవ్వా! ఖాళీ బండ యాడున్నది?"

"బాపూ, అవ్వను పిలువకు" అంటూ సింధుజ లేచింది. "నన్నడుగు."