రొయ్యలకు తెలిసిన తేడా

పోలేరయ్యకు వలతో పని లేదు. పొద్దున్నే భార్యను ఎక్కించుకొని పులికాట్ సరస్సులోకి పడవ తోసి, "రండర్రోయ్!" అని కేకేసేవాడు. రొయ్యలు వచ్చి పడవలోకి దూకేవి. ఊళ్లో ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి, ఆయనది అది.

ఇంతలో గొంతుకు ఆపరేషన్ తప్పదన్నారు డాక్టర్లు. ఆ తర్వాత మాట ఉండదన్నారు. అందుకని ముందే సూళ్లూరుపేటలో ఫోన్లకు పాటలెక్కించే దుకాణం సైఫుల్లా మైకుతో పడవెక్కి, ఆ కేకను రికార్డు చేసి, ఫోన్‌లో వేసిచ్చినాడు.

ఆపరేషనయ్యాక పోలేరయ్య ఒక్కడే పోయి, పడవలో స్పీకర్ పెట్టి వినిపిస్తే రొయ్యలు సగం దూరం వచ్చి, మీసాలు పైకెత్తి, ఆలకించి, వెనక్కి తిరిగినాయి. ఇట్లాగైతే పడవ అమ్మేసి, గూడూరులో వాచ్‌మన్ పనికి పోవాల్సిందే.

పోలేరయ్య భార్య చెంచమ్మ దుకాణానికి పరిగెత్తింది.

"ఏంది సైఫుల్లా, రొయ్యలు మొహం తిప్పుకొని పోతుండాయే!"

"ఫోన్‌లో పట్టాలని చిన్నది చేసినానక్కా."

చిన్నది చేయడంలో రెండు రకాలున్నాయి. వలను మడతపెట్టినామనుకోండి, విప్పితే ఒక్క ముడి కూడా పోదు. లాస్‌లెస్ అంటే అదే. అట్లా కాక, ఎవరూ చూడరులే అని అంచులు కత్తిరించి పారేయడం రెండోది. పెద్ద శబ్దం కింద నలిగిన చిన్న శబ్దాలను మిషన్ అట్లాగే పారేస్తుంది.

"మనిషి చెవికి తేడా తెలవదక్కా."

"వచ్చేది మనిషా, రొయ్యా?"

సైఫుల్లా ఆ కత్తిరించినదాన్నే లాస్‌లెస్‌లోకి మార్చి ఇచ్చినాడు. ఫైలు బరువెక్కింది గానీ రొయ్యలు రాలేదు. పారేసిన అంచు మడతపెడితే మళ్లీ మొలుస్తుందా? చివరికి కంప్యూటర్లో ఉన్న అసలు రికార్డింగునే మడతపెట్టి, తనే తీసుకొచ్చి పడవలో వినిపించినాడు. రొయ్యలు కుప్పలుగా దూకి పడవ ఒరిగిపోయింది.

సైఫుల్లాకు అనుమానమొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. పోలేరయ్య కేక కింద సన్నగా ఇంకో గొంతు: "ఎండెక్కతా ఉంది, ఈయన అరుపులు అయ్యేదెప్పుడు, నేను కూడొండేదెప్పుడు, వచ్చేవాళ్లు తొందరగా రాకూడదా..."

"అక్కా, ఇది నువ్వే! ఎప్పటిలాగే ఆ రోజూ పడవలో ఉన్నావు గదా."

పోలేరయ్య కూడా హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. స్పీకర్ ఆపి, పడవ దిగి, భార్యను ఎక్కించి, గడకర్ర ఆమె చేతిలో పెట్టినాడు.

"నేనా? బాగుండాది సంబడం! మరి ఇంట్లో వంట ఎవరు చేస్తారంట? ఇన్నేళ్లూ నీ గొప్పేనంటివే!"

ఆమె ఇంకా సణుగుతూనే ఉంది, రొయ్యలు వరస కట్టి దూకుతూనే ఉన్నాయి. పోలేరయ్య చేతులు దులుపుకొని పొయ్యి వెలిగించడానికి ఇంటికి బయల్దేరినాడు.