తాతారావు దగ్గు

నవ్వించడానికి తీసే సిరీస్‌లో కథ ఉండకూడదని సుచిత్ర నమ్మకం. మనుషులుండాలి, వాళ్ళుండడానికో ఇల్లుండాలి, ఆ ఇంట్లో ఏదో ఒకటి పాడైపోయి ఉండాలి. అంతే. కథ లోపలికొచ్చిందంటే నవ్వు బయటికి పోతుందనేది.

గుడివాడలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఆమె రిసెప్షనిస్టు. శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి టీ తాగి, గది తలుపు దగ్గరగా వేసుకుని, ‘లిఫ్ట్ పనిచెయ్యదు’ సిరీస్ గురించి ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసి నెట్‌లో పెట్టేది. మొహం కనిపించదు. పోస్టరు బొమ్మ మీద ఆమె గొంతు వినిపిస్తుంది, అంతే. పెద్ద పేరేం కాదు గాని, ఆ సిరీస్ చూసేవాళ్ళు చాలామంది ఆమె ఏమంటుందోనని చూసేవారు.

మొదటి సీజన్‌కి ఆమె వంక పెట్టలేదు. ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, నడవని లిఫ్టు, మెట్ల మీద ఎదురుపడే జనం. గ్యాస్ బండ పైకి ఎవరు మొయ్యాలన్న తగాదాతోనే ఒక ఎపిసోడంతా గడిచిపోయింది. రెండో సీజన్‌లో మూడో అంతస్తు అమ్మాయికీ నాలుగో అంతస్తు అబ్బాయికీ పెళ్ళి కుదిర్చి, ఆ పెళ్ళిని చివరిదాకా లాగారు. “పెళ్ళి ట్రాక్ ఎత్తుకున్నారంటే రాసేవాళ్ళ దగ్గర జోకులు అయిపోయాయన్నమాట” అంది. మూడో సీజన్‌లో బిల్డింగ్ కూలగొడతానంటూ ఓ బిల్డరొచ్చాడు. “మనం నవ్వుకుందామని కూర్చుంటే వీడెవడండీ మధ్యలో” అంది.

ఆ మూడో సీజన్ మొదలయ్యేసరికి వాళ్ళ నాన్న బెంజమిన్ పోయి ఎన్నాళ్ళో కాలేదు. నందివాడలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఊపిరితిత్తుల జబ్బు. సమాధి చేసి వచ్చారు, జ్ఞాపకార్థ కూడిక పెట్టారు, చుట్టాలకి సుచిత్రే కాఫీలందించింది. అందరూ ఆమె ఎప్పుడు ఏడుస్తుందా అని చూశారు. ఏడుపు రాలేదు. రాలేదన్న బాధ కూడా కలగలేదు. పడుకున్నప్పుడు చెయ్యి ఒంటి కింద నలిగితే తిమ్మిరెక్కుతుందే, మనిషంతా అలా ఉంది. సెలవు అయిపోగానే డ్యూటీకి వెళ్ళిపోయింది.

సిరీస్‌లో తాతారావు అని రెండో అంతస్తు పెద్దాయన ఒకడున్నాడు. ఎవరినైనా ఎత్తిపొడిచే ముందు దగ్గుతాడు. చిన్నవి రెండు, కాస్త ఆగి పెద్దదొకటి. బెంజమిన్ దగ్గు కూడా అచ్చం అలాగే ఉండేది. మొదటి సీజన్ చూస్తూ ఆయనే నవ్వాడు, “వీడెవడో నా దగ్గర ట్యూషన్ చెప్పించుకున్నాడే” అని. మూడో సీజన్‌లో మళ్ళీ ఆ దగ్గు వినపడగానే సుచిత్ర వేలు దానంతటదే ఫోన్ మీదికి పోయింది. తాతారావు కనిపిస్తే చాలు, ముందుకి జరిపేసేది. సీజన్ మొత్తం అలాగే చూసింది.

చూసి రికార్డు చేసింది. “తాతారావు పనైపోయిందండీ. సీనుకి రెండుసార్లు దగ్గితే అది కామెడీ కాదు, జబ్బు. ఆయన్ని ఎక్కడికైనా పంపించెయ్యండి.” ఆమె ఆడియోలన్నింటిలోనూ జనం ఎక్కువగా విన్నది అదే.

నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో ఎవరో మెట్లు దిగుతూ, “తాతారావు గారు భీమవరం కూతురింటికి వెళ్ళిపోయారంట” అన్నారు. తర్వాత ఆ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నిజంగా ఆమె మాటే విన్నారో, వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయో తెలీదు. ఆమె ఆడియోలు వినేవాళ్ళ గ్రూపులో మాత్రం అందరూ ఆమెకి అభినందనలు చెప్పారు. అన్నీ చదివి, ఫోన్ పక్కన పెట్టి, పప్పులోకి చింతపండు నానేసింది.

వానాకాలంలో ఒకరోజు, పళ్ళ సెట్టు కోసమని అవనిగడ్డ నుంచి ఒక ముసలాయన వచ్చాడు. లోపల డాక్టరుకి సాయంగా ఉండే కృపాకుమారి తలుపు తీసి సైగ చేసింది. సుచిత్ర స్లిప్పు చూసి పిలిచింది.

“సామ్యేలు గారండీ, లోపలికి రండి.”

ఆయన లేచాడు గాని లోపలికి వెళ్ళలేదు. తడిసిన గొడుగు పట్టుకుని ఆమె టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పళ్ళు లేక బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. సుచిత్ర ఆయన్ని గుర్తుపట్టలేదు.

“ఇంకోసారి పిలువమ్మా” అన్నాడు.

“సామ్యేలు గారు.”

“అదే గొంతు. నన్ను భీమవరం పంపించింది నువ్వే కదూ?”

తాతారావు వేషం వేసింది ఈయనేనని అప్పుడు తెలిసింది ఆమెకి. భయం వెయ్యలేదు, సిగ్గూ వెయ్యలేదు. “నేనేనండి” అంది.

“పని చూసుకునొస్తా, ఉండు” అని లోపలికి వెళ్ళాడు.

బయటికొచ్చాక ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. వాన తగ్గలేదు, హాల్లో ఇంకెవరూ లేరు.

“నీ ఆడియోలన్నీ వింటానమ్మా. పెళ్ళి ట్రాక్ గురించి నువ్వన్నది నిజం. ఆ అబ్బాయికి డైలాగే రాదు. బిల్డరు సంగతీ నిజమే. నా సంగతి దగ్గరే నాకు అర్థం కాలేదు. మిగతావాళ్ళని సీను సీనుకీ విడదీసి చెప్పావు. నన్ను మాత్రం ఒక్క ముక్కలో తీసేశావు. మూడో సీజన్‌లో ఆరో ఎపిసోడ్ చూశావా?”

“చూశానండి.”

“అందులో నేనేం తింటానో చెప్పు.”

సుచిత్ర ముందున్న స్లిప్పులు సర్దింది.

“చూడలేదు” అన్నాడాయన. కోపం లేదు ఆ గొంతులో.

“మీరొస్తే జరిపేసేదాన్నండి” అంది సుచిత్ర. “మా నాన్నగారు అచ్చం మీలాగే దగ్గేవారు. పోయారు. ఆ దగ్గు వినలేకపోయాను. అందుకే పంపించెయ్యమన్నాను.”

ఎవరికీ చెప్పని మాట అది. అమ్మకి కూడా చెప్పలేదు. చెప్పాక గుండె తేలికేం కాలేదు. టేబుల్ మీద పెన్ను అటు తీసి ఇటు పెట్టింది.

సామ్యేలు గొడుగు కొన నుంచి కారిన నీళ్ళని కాలితో పక్కకి తోశాడు.

“అయితే అది అభిప్రాయం కాదమ్మా” అన్నాడు.

“కాదండి.”

“మరి సీనుకి రెండుసార్లు దగ్గడం ఎక్కువైందన్నావు. అదీ ఉత్తదేనా?”

“అది నిజమేనండి. రెండో సీజన్ నుంచే ఎక్కువైంది.”

ఆయన బోసినోటితో నవ్వాడు. “నేనూ చెప్పాను డైరెక్టరుకి. జనం దగ్గుకే నవ్వుతున్నారు, దగ్గండి అన్నాడు. బందరులో నాటకాలాడిన రోజుల్లో మా అన్నయ్య దగ్గు చూసి పట్టుకున్నానది. ఆయనా పోయాడు.”

“మళ్ళీ ఎవరైనా పిలిచారాండి, వేషానికి?”

“లేదు. అంతకుముందు మాత్రం ఎవరు పిలిచారులే.”

“శుక్రవారం ఆడియోలో చెప్తానండి, నేను పొరపాటు చేశానని.”

“ముందు చూడు. చూసి, బాగోలేకపోతే బాగోలేదనే చెప్పు. నా మీద జాలితో మాత్రం చెప్పకు.” గొడుగు విప్పుకుంటూ బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక సుచిత్ర టీవీకి ఫోన్ కలిపి ఆరో ఎపిసోడ్ పెట్టింది. వాళ్ళమ్మ రత్నం అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తాతారావు జామకాయ తింటూ మెట్ల మీద కూర్చున్నాడు. బిల్డరు మనుషులు టేపుతో మెట్లు కొలుచుకుంటూ ఒక్కొక్కరే ఆయన్ని దాటుకుని పైకి పోతున్నారు. ఆయన జరగడు, మాట్లాడడు, దగ్గడు. వాళ్ళు దాటినప్పుడల్లా మోకాళ్ళు కాస్త పక్కకి తిప్పుతాడు, మళ్ళీ యథాస్థానానికి తెస్తాడు. గింజలు ఏరి గుప్పిట్లో పెట్టుకుంటాడు. అంతే సీను.

రత్నం చేతిలో పని ఆపి నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“మీ నాన్న కూడా అంతే. దారికడ్డంగా కూర్చునేవారు, జరగమంటే జరిగేవారు కాదు.”

సుచిత్ర తల్లి మొహం చూసింది. తనకీ నవ్వో ఏడుపో వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. కాని ఫోన్ మీదికి వేలు వెళ్ళలేదు. తర్వాతి సీనులో తాతారావు దగ్గాడు. చిన్నవి రెండు, ఆగి పెద్దదొకటి. కదలకుండా విన్నది.

శుక్రవారం రికార్డు చేసింది. మూడో సీజన్ తను పూర్తిగా చూడకుండా మాట్లాడానని చెప్పింది. ఎందుకు చూడలేదో చెప్పలేదు. ఆరో ఎపిసోడ్‌లో మెట్ల మీది సీను సిరీస్ మొత్తానికే మంచి సీనుల్లో ఒకటంది. దగ్గు ఎక్కువైన మాట మాత్రం నిజమేనంది. బిల్డరు ట్రాక్ ఇప్పటికీ దండగేనంది. తాతారావుని పంపిస్తే పంపించారు గాని, అంతటి మనిషిని వేరేవాళ్ళ నోటి మాటతో పంపించడం మర్యాద కాదని, పెట్టె పట్టుకుని అన్ని మెట్లూ దిగనివ్వాల్సిందని చెప్పింది. కొందరు ఒప్పుకున్నారు. మాట మారుస్తోందని కొందరు తిట్టారు. ఆ సిరీస్ వాళ్ళ దగ్గర్నుంచి ఎవరూ ఏమీ అనలేదు. తాతారావు తిరిగి రాలేదు.

తర్వాత, బిగించిన సెట్టు సరిచేయించుకోవడానికి సామ్యేలు మళ్ళీ వచ్చాడు. కొత్త పళ్ళతో మాట తిరగడం లేదు. అయినా ఆగలేదు.

“ఐదో సీజన్‌లో లిఫ్టు బాగుచేస్తారంటున్నారు, విన్నావా?”

“బాగుచేస్తే ఇంకేముందండీ, అందరూ లోపల తలుపేసుకుని నించుంటారు.”

“అదే నేనూ అంటున్నాను” అన్నాడాయన. కుర్చీ కొంచెం ముందుకి లాక్కున్నాడు. లోపలి నుంచి కృపాకుమారి ఆయన్ని రెండోసారి పిలిచింది. సుచిత్ర, ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి ఎత్తింది.