ఏడో నంబరు కంప్యూటర్

వైర్ల బాబాయ్ బల్లకింద నుంచి మోకాళ్లు పట్టుకుని లేచేసరికి, కుట్టుపని చేసే అమ్మాయి అప్పటికే ఏడో నంబరు ముందు కూర్చునుంది. పద్దెనిమిదేళ్లుగా గ్రంథాలయం కంప్యూటర్లు బాగుచేస్తున్న ఆయన అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది.

"బాబాయ్, పాఠం కదలట్లేదు."

నిరుడు జ్వరమొచ్చి ఆమె కూతురికి చెవులు పోయాయి. చేతులతో మాట్లాడటం నేర్పే పాఠాలు ఇక్కడే ఉన్నాయి. పాతవి, ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం లేనిదే ఆడవు. తల్లి చూసి వెళ్లి పిల్లకి నేర్పుతోంది. ఆకలి, నీళ్లు, నిద్ర అనే మాటలు పిల్లకి వచ్చేశాయి. పిల్ల ఊరికే ఏడుస్తోంది, ఎందుకో చెప్పలేకపోతోంది. నొప్పి, భయం పదమూడో పాఠంలో ఉన్నాయి.

కొత్త మేనేజరు నిన్న ప్లగిన్లన్నీ తీయించేశాడు. మళ్లీ కావాలంటే దరఖాస్తు పెట్టాలట, మూడు వారాలట. "అయినా ఆ పాతవి చూసేదెవరండీ?" అన్నాడు. చూసే మనిషి ఎదురుగా కూర్చునుంటే ఎవరట! బాబాయ్‌కి ఒళ్లు మండింది.

పెన్‌డ్రైవ్ గుచ్చి, ప్లగిన్ ఫైలు తీసి బ్రౌజర్ ఫోల్డర్లో వేశాడు. కంప్యూటర్ ససేమిరా అంది. చూస్తే బ్రౌజర్ తెరిచే ఉంది! "అది మూశాకే వెయ్యాలని వందమందికి చెప్పాను, నా బుర్ర తగలెయ్య," అని అది మూసి, మళ్లీ వేసి, తెరిచాడు. తెరమీద రెండు చేతులు కదిలాయి. అమ్మాయి వేళ్లూ కదిలాయి.

"ఎవరెక్కించమన్నారు?" వెనక మేనేజరు.

"ఎవరూ అనలేదు. నేనే."

"నేను చెప్పింది వినపడలేదా?"

"శుభ్రంగా వినపడింది. వినపడని పిల్ల కోసం ఎక్కించాను."

గంటలో మెమో వచ్చింది. పొరపాటు ఒప్పుకుని సంతకం పెట్టాలి, లేదా రేపట్నుంచి రానక్కర్లేదు.

"చేసింది పొరపాటైతేగా!" అన్నాడు బాబాయ్. మెమో తిరగేసి, ప్లగిన్ ఎక్కించే పద్ధతంతా లావుపాటి అక్షరాలతో, పాస్‌వర్డ్‌తో సహా రాశాడు. పెన్‌డ్రైవ్ అమ్మాయి చేతిలో పెట్టాడు. "తీసేసినప్పుడల్లా ఎక్కించుకో తల్లీ. నువ్వు బట్ట కత్తిరించేదానికన్నా తేలిక." కాగితం కీబోర్డు కింద దోపి, అయిదింటికి టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. ఎవరూ తలెత్తి చూడలేదు.

మర్నాడు ప్లగిన్ మళ్లీ లేదు. అమ్మాయి కాగితం లాగి, ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదువుకుంటూ తనే ఎక్కించింది. పద్నాలుగో పాఠం మొదలైంది. పక్కన కాగితం తిరగబడి మెమో వైపు పైకొచ్చింది, సంతకం చోటు ఖాళీగా ఉంది.