రంగప్ప కాళ్ల కింద మసి

చెరకు గానుగ పొగలో రబ్బరు కంపు మొదలై మూడు నెలలైంది. చౌడమ్మ కూతురు ఉషాకు ఊపిరాడకపోవడం మొదలై రెండున్నర నెలలు. ఈ రెండింటికీ సంబంధం లేదన్నవాడు రంగప్ప ఒక్కడే. గానుగ అతనిది.

అది 2006. పెద్దపంజాణి దగ్గరి ఆ ఊరి బట్టలుతికేది చౌడమ్మ. మొగుడు పోయాడు. మిగిలింది ఏడో తరగతి చదివే ఆ పిల్ల. పుంగనూరులో మందుల షాపాయన టీబీ అన్నాడు. నమ్మకం కుదరక మదనపల్లెలో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఎక్స్‌రే చూసి అడిగిన మొదటి మాట:

"మీ ఇంటికాడ ఏం కాలుస్తాండారు?"

"టైర్లు సామీ. బెల్లం పొయ్యిలోకి. కుప్పం నుంచి లారీలో తెస్తాండారు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఇది టీబీ కాదమ్మా, ఉబ్బసం. కరువేండ్లలో దుమ్ము తిన్నోళ్లే నాకాడ నిండా ఉండారు. ఇప్పుడు కాలంగాని కాలంలో వాన, గోడలకు బూజు. ఊపిరితిత్తులు ముందే నలిగిపోయి ఉండాయి. దానిమీద టైరు పొగా? మందు నేనిస్తా. పొగ ఆపాల్సింది మీ ఊరు. అందరికీ చెప్పు."

చెప్పింది. ఎవడు విన్నాడు? దగ్గు ప్రతి ఇంట్లోనూ ఉంది. మంచుకన్నారు, ముసలితనమన్నారు, దిష్టన్నారు. ఊళ్లో సగం మందికి కూలి రంగప్ప దగ్గరే మరి.

చివరికి గానుగ దగ్గరికే పోయింది.

"నన్నేం సెయ్యమంటావ్ చౌడీ?" అన్నాడు రంగప్ప. "మూడేండ్లు సుక్క రాలలా. రాలితే రాలింది, సరిగ్గా గానుగాడే కార్తీకంలో కుండపోత. ఆరబెట్టిన చెరకు పిప్పంతా కుళ్లిపాయ. పొయ్యిలో నా కాళ్లు పెట్టేదా? కాలమే మారిపోయింది. బొయ్యి వానదేవుణ్ణి అడుగు."

కూలోళ్లు నవ్వారు.

"వాన నీ సేతిలో లేదు సామీ, ఒప్పుకుంటా. టైరు ఎవురి సేతిలో ఉండాది? ఇప్పుడు ఎండ కాస్తాంది, పిప్పి ఎండతాంది. ఇంకా యాల కాలుస్తాండావు?"

"టైరైతే పాకం బిన్నా కాగుతాది, పిప్పికి పట్టే పొద్దులో సగమే. నీ బిడ్డకు ఊపిరాడకపోతే పుంగనూరికి మకాం మార్చు. ఊరికి బట్టలుతికేవాళ్లు దొరక్కపోరు."

ఆ మాట చౌడమ్మకు మింగుడుపడలేదు.

గంగమ్మ జాతరకు పన్నెండు రోజులుంది. మొదటి ఘటం రంగప్ప ఇంటిది. ఆ అమ్మవారి కుండ ఎత్తినవాడి పాదం నేలకు తగలకూడదు. ముందర బట్టలుతికేవాళ్లు మడుగులు, అంటే ఉతికిన తెల్లగుడ్డలు, పరుస్తూ పోవాలి. గుడి చేరేదాకా ఘటం దించకూడదు, వెనక్కి తిరగకూడదు. తాతలనాటి కట్టుబాటు.

చౌడమ్మ ఆ మడుగుల్ని ఎప్పటికన్నా తెల్లగా ఉతికింది. గానుగ పొగ నేరుగా వచ్చి వాలే తన ఇంటి ముందు తాడు కట్టి ఆరేసింది. పన్నెండు రోజులు తియ్యలేదు. ఆమె బట్టలారేస్తే ఎవరు చూస్తారు?

జాతరనాడు పొద్దున్నే పలకలు మోగాయి. రంగప్ప పట్టుపంచె కట్టి ఘటం నెత్తినెత్తుకున్నాడు. చౌడమ్మ మూట విప్పి మొదటి గుడ్డ దులిపి పరిచింది. నల్లగా ఉంది, జిడ్డోడుతూ ఉంది.

పలకలు ఆగిపోయాయి.

"ఏందే ఇది?"

"మడుగు. పన్నెండు దినాలు నీ పొగలో ఆరింది. గుడ్డ గాబట్టి కనపడతాంది. మా రొమ్ములోపలిది కనపడలా. నడువు రంగప్పా."

'సామీ' పోయింది, 'రంగప్పా' వచ్చింది. దించితే అపచారం, తిరిగితే అపచారం. రంగప్ప నడిచాడు.

రెండో గుడ్డ పరిచింది. "ఇది సావిత్రమ్మవ్వ ఆయాసం. తొక్కు."

మూడోది. "ఇది చెంగల్రాయుడన్న దగ్గు. కూలి పోతాదని నోరు మూసుకోనుండాడు. తొక్కు."

పలక పట్టుకున్న చెంగల్రాయుడు తల వంచుకున్నాడు.

నాలుగోది. "ఇది నా బిడ్డది. బాగా తొక్కు. నీకలవాటే."

ఘటం వెనక నడుస్తున్న సావిత్రమ్మ వంగి గుడ్డ కొస పట్టుకుని వాసన చూసింది. వేళ్లు నల్లబడ్డాయి. "అయ్యో నాయనా, నా కళ్లెలో వచ్చేది ఇదే కదరా!"

"అయితే నాది టీబీ కాదా? మందుల షాపాయన నాకూ అదే అన్నాడే," అన్నాడు చెంగల్రాయుడు.

"ఔనో కాదో మదనపల్లెకు బొయ్యి సూపించుకో అన్నా. నన్నడుగుతావేంది?"

గుడి దగ్గర ఘటం దిగింది. రంగప్ప చీలమండల దాకా నలుపు. "రేపట్నించి ఈ ఊళ్లో నీకు పని లేదు!"

"పని సంగతి తర్వాత. టైర్లు ఎప్పుడు పోతాయి?"

ఆమె వెనక ఊరు కదలకుండా నిలబడింది. సావిత్రమ్మ గొంతెత్తింది. "చెప్పప్పా రంగప్పా. ఎప్పుడు?"

"వారంలో..."

"రేపు," అంది చౌడమ్మ.

మర్నాడు టైర్లు తీసుకుపోను లారీ వచ్చింది. కూలోళ్లెవరూ టైరు ముట్టలేదు. రంగప్పే ఎత్తాల్సొచ్చింది. చౌడమ్మ గట్టుమీద కూర్చుని చూస్తూ ఉంది. పక్కన ఉషా, చేతిలో పీల్చే మందు. అది ఇంకా ఎన్నేళ్లు పీల్చాలో డాక్టరు చెప్పలేదు.

టైర్ల మీద పేరుకున్న మసి లేచి రంగప్పకు దగ్గు పట్టింది. మోకాళ్లు పట్టుకుని వంగిపోయాడు. నీళ్లన్నట్టు చెయ్యి చాపాడు.

"మా, ఆయప్పకు నీళ్లియ్యి మా," అంది ఉషా.

చౌడమ్మ పక్కన నిండు చెంబుంది. దాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఎత్తు," అంది రంగప్పతో. "ఇంకా ఇరవై ఉండాయి."