రోలర్ మహా హుషారుగా ఉంది

మా వదిన చెయ్యి రోలర్‌లో పడటానికి పదకొండు రోజుల ముందే, అలా జరుగుతుందని ఆమె కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితాన్ని చదివింది నేనే. నలభై మంది ముందు, గొంతెత్తి, నవ్వుతూ చదివాను. చదివి ఊరుకోలేదు, అందరిచేతా చప్పట్లు కొట్టించాను. 

మాది దుప్పట్లు ఉతికే కంపెనీ. హాస్పిటళ్ళ నుంచి, హోటళ్ళ నుంచి రోజూ నాలుగు లారీల మురికి బట్ట దిగుతుంది. సాయంత్రానికల్లా అదంతా తెల్లగా, మడతలు పడి తిరిగి వెళ్ళాలి. నేను ఇస్త్రీ సెక్షన్‌కి సూపర్‌వైజర్‌ని. మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, నాకంటే ముందు నుంచే అక్కడ పనిచేస్తోంది. పద్నాలుగేళ్ళుగా రోలర్ మిషన్ దగ్గరే ఉంది. తడి దుప్పటి కొసను బల్ల మీద సాఫుగా పరిచి, కాగుతున్న రెండు ఇనప రోలర్ల మధ్యకు అందిస్తే, అవతలి వైపు ఒక్క ముడత లేకుండా పొడిగా బయటికొస్తుంది. కుడి కొస వదిన పట్టుకుంటుంది, ఎడమ కొస చిలక పట్టుకుంటుంది. చిలక అసలు పేరు జీతాల రిజిస్టరుకే తెలుసు. నోరు ఊరుకోదు కాబట్టి అందరికీ చిలకే.

రోలర్ల ముందు అడ్డంగా, వేలెడు లావున ఒక ఇనప కమ్మీ ఉంటుంది. దానికి చెయ్యి తగిలితే చాలు, మిషన్ ఠక్కున ఆగిపోవాలి. దుప్పటితో పాటు మనిషి చెయ్యి లోపలికి పోకుండా కాపాడేది ఆ కమ్మీ ఒక్కటే.

మా వదినకు సణుగుడు జబ్బు. ఆవిరి ఎక్కువైందంటుంది, నేల జారుతోందంటుంది, బుట్ట చక్రం విరిగిందంటుంది. పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రం దాకా చెవిలో జోరీగే. పైగా మా సెక్షన్‌లో అందరికీ ఆమె వదినే. "సూపర్‌వైజర్ నీ ఆడపడుచే కదా, నువ్వు చెప్పు వదినా" అంటూ ఎవరి గోడు వాళ్ళు ఆమె నోటితో చెప్పించేవాళ్ళు. తలుపు పక్కన మేకుకు ఒక ఫిర్యాదుల పుస్తకం వేలాడేది. అందులో రాస్తేనే మెకానిక్ వస్తాడు, చూసి సంతకం పెడతాడు. ఆ పుస్తకంలో సగానికి సగం మా వదిన రాతే. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో వదిన అని మర్యాద ఇచ్చేదాన్ని గానీ, డ్యూటీలో ఆమె గొంతు వినబడితేనే చిర్రెత్తుకొచ్చేది.

మా మేనేజర్ మంచివాడే. ఎందుకంటున్నానంటే, అతను దుర్మార్గుడైతే నాకు కాస్త సుఖంగా ఉండేది, తప్పంతా అతని నెత్తిన రుద్దేసేదాన్ని. మూడు నెలల కిందట అతను ఒక శిక్షకుణ్ణి పిలిపించాడు. చొక్కాకు మైకు తగిలించుకున్న సన్నపాటి మనిషి. పూటంతా మమ్మల్ని నిలబెట్టి, కూర్చోబెట్టి, పక్కవాళ్ళ భుజం తట్టించి, పని చేసేచోట మంచి మాట తప్ప ఇంకేదీ వినబడకూడదని తేల్చాడు. మర్నాడే ఫిర్యాదుల పుస్తకం మేనేజర్ బీరువాలోకి వెళ్ళింది. మేకు దగ్గర పసుపుపచ్చ డబ్బా వచ్చింది. రోజూ ఒక్కొక్కరు ఒక కార్డు రాసి అందులో వెయ్యాలి. సమస్య ఉంటే రాయొచ్చు, కానీ దాన్ని సంతోషంగా మార్చి రాయాలి. మార్చకుండా రాసిన కార్డును వెనక్కిచ్చి మళ్ళీ రాయించడం నా పని. సోమవారం సోమవారం మంచి కార్డును అందరి ముందూ చదవడం కూడా నా పనే.

నాకు తెగ నచ్చింది. దాచడమెందుకు, ప్రాణం లేచొచ్చింది. మొదటి వారమే చిలక రాసింది: "నేల ఎంత నున్నగా ఉందంటే, మనం నడవక్కర్లేదు, అదే తీసుకెళ్తోంది." ఇంకొకావిడ రాసింది: "ఆవిరి పుణ్యమా అని నా మొహం నిగనిగలాడుతోంది." పడీ పడీ నవ్వాం. వీళ్ళు వెటకారం చేస్తున్నారేమోనన్న అనుమానం ఒకటి రెండుసార్లు నాకు రాకపోలేదు. కానీ ఒక్క ఫిర్యాదైనా లేకుండా ఎనభై రోజులు గడిచాయని పై ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. అందులో నా పేరుంది. ఆ తర్వాత అనుమానాన్ని నేనే మెడపట్టి గెంటేశాను.

అలాంటి రోజుల్లో వదిన కార్డు నా చేతికొచ్చింది. "రోలర్ ముందు కమ్మీ పనిచేయడం లేదు. నొక్కినా ఆగట్లేదు. ఎవరి చెయ్యో పోతుంది" అని ఉంది. ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టి, మిషన్ దగ్గరికి వెళ్ళాను.

"వదినా, ఇలా కాదు. కాస్త మంచిగా రాసివ్వు."

"కమ్మీ పాడైందే అమ్మాయ్. దాన్ని మంచిగా ఎలా రాయను?"

"అందరూ రాయట్లేదా? నీకొక్కదానికే చేతకాదా? ఎనభై రోజుల్నుంచి నిలబెట్టుకొస్తున్న పేరు నీ చేతుల మీదుగా పోవాలా?"

ఆమె బోర్లించిన బుట్ట మీద కూర్చుని, కొత్త కార్డు మీద ఏదో రాసి నా చేతిలో పెట్టింది. ఒక్క మాట కూడా సణగలేదు.

"మన రోలర్ ఇప్పుడు మహా హుషారుగా ఉంది. కమ్మీ నొక్కినా ఆగడం లేదు. దాని పట్టుదల చూసి మనమందరం నేర్చుకోవాలి."

నాకు అర్థం కాలేదా? అయింది. మెకానిక్‌కి చెబుదామని కూడా అనుకున్నాను. కానీ పుస్తకంలో రాయకుండా అతను కదలడు. పుస్తకం బీరువాలో ఉంది. అడిగితే, ఎనభై రోజులకు అక్కడితో చుక్క పడుతుంది. రేపు చూద్దాంలే అనుకున్నాను. సోమవారం వచ్చేసరికి ఆ కార్డులో నాకు హుషారూ పట్టుదలా తప్ప మరేమీ కనబడలేదు. గొంతు మార్చి, చేతులు ఊపుతూ చదివాను. చప్పట్లు మారుమోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది చిలక. మేనేజర్ ముచ్చటపడి ఆ కార్డును రోలర్ ఎదురుగా గోడకు అంటించమన్నాడు. వదిన మాత్రం చేతులు కట్టుకుని నా మొహంలోకే చూస్తూ నిలబడింది. ఎప్పటిలాగే మూతి ముడుచుకుందిలే అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఆమె సణగడం మానేసింది. ఇంట్లో కూడా. అన్నయ్య సిటీ బస్సు నడుపుతాడు, మామూలుగా ఏదీ పట్టించుకోడు. అతను కూడా నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "మీ వదినకి ఒంట్లో బాగోలేదా? నన్నొక్క మాట కూడా అనట్లేదు."

"శిక్షణ పనిచేసింది అన్నయ్యా" అన్నాను గర్వంగా.

కార్డు రాసిచ్చిన పదకొండో రోజు, పొద్దున పదకొండు గంటలప్పుడు, ఒక దుప్పటి అంచు చిరిగి దారంలా వేలాడుతోంది. అది వదిన కుడి మణికట్టుకు చుట్టుకుంది. నేను పది అడుగుల దూరంలో కార్డులు సర్దుకుంటున్నాను. ఆమె అరిచిన అరుపుకు తలెత్తాను. కుడిచెయ్యి దుప్పటితో పాటు లోపలికి పోతోంది, ఎడమచేత్తో ఆమె కమ్మీని నొక్కుతోంది. ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ. అది పనిచేయదని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసిన మనిషి, దాన్నే నొక్కుతోంది. రోలర్ తిరుగుతూనే ఉంది.  గోడ మీది కార్డు, దాని కింద వదిన వీపు, నా కళ్ళకు ఆ రెండే కనబడ్డాయి. బుట్టల వెనక ఉన్న మెయిన్ స్విచ్ దాకా పరిగెత్తి కరెంటు ఆపింది చిలక. నేను కాదు.

హాస్పిటల్‌కి వెళ్ళే దారిలో, కారులో వదిన తల నా ఒళ్ళో ఉండగా మేనేజర్ ఫోన్ చేశాడు.  వదిన ఎలా ఉందని అడిగి, నాలుగింటికి దుప్పట్లు వెళ్ళకపోతే హాస్పిటల్‌లో ఆపరేషన్లు ఆగిపోతాయని, మెకానిక్‌ని పిలిపించానని, అతను చూడగానే పని మొదలుపెట్టిస్తానని చెప్పాడు. "సరే సర్, ఇబ్బందేం లేదు" అన్నాను. మూడు నెలలుగా నా నోటికి పట్టిన మాట అది. ఏమంటున్నానో నాకే తెలియలేదు.

రెండు వేళ్ళు తీసేశారు. మిగతా చెయ్యి నిలబడుతుందో లేదో రెండు రోజులైతే గానీ చెప్పలేమన్నాడు డాక్టర్. అన్నయ్య డ్యూటీ బట్టలతోనే వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. "దానికి ఆపే కమ్మీ ఉంటుందని చెప్పేదే. అదేమైంది?" అన్నాడు. నేను మందుల చీటీ చదువుతున్నట్టు తల వంచుకున్నాను.  అతను మళ్ళీ అడగలేదు, అదే నయమనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

మూడు దాటాక వదిన కళ్ళు తెరిచింది. నన్ను లోపలికి రానిచ్చారు. కట్టు కట్టిన చేతి వైపు చూడలేక మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను.

"నన్ను తిట్టు వదినా. ఎంత తిట్టినా పడతాను. అసలు ఆ రోజే తిట్టుండాల్సింది. కార్డు మార్చి రాయకుండా నా మొహాన కొట్టుండాల్సింది."

"పద్నాలుగేళ్ళు అరిచానే. అరిస్తే సణుగుడన్నావ్. నవ్వుతూ చెప్పమన్నావని నవ్వుతూ చెప్పా. చప్పట్లు కొట్టించావ్." మందు మత్తుకు ఆమె మాట తడబడుతోంది. "ఇంకెలా చెప్పాలో నాకు తెలీలేదు అమ్మాయ్."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆమె మాత్రం నన్ను పట్టించుకోకుండా, బాగున్న చేత్తో నా కొంగు అందుకుంది.

"మిషన్ ఆపారా?"

 కారులో నేనన్న మాట అప్పుడు వినబడింది నాకు. పరుగున వరండాలోకి వచ్చి చిలకకు ఫోన్ చేశాను.

"అక్కా! వదినకెలా ఉంది?" అంది హుషారుగా. ఆమె గొంతు వెనక గర్రుమని రోలర్ చప్పుడు.

"రోలర్ నడుస్తోందా?"

"నడుస్తోందక్కా, చాలా బాగా నడుస్తోంది. ఫోన్ స్పీకర్ మీద పెట్టి బల్ల మీదుంచా."

"ఎవరు అందిస్తున్నారు?"

"నేనే. రెండు కొసలూ నేనే పట్టుకుంటున్నా. చేతులకి మంచి వ్యాయామం అక్కా."

"కమ్మీ బాగుచేశారా?"

 "మెకానిక్ వచ్చాడక్కా" అంది. "చాలా ఓపిగ్గా చూశాడు."

"బాగుచేశాడా లేదా?"

"ఓపిగ్గా చూశాడక్కా. కొత్త స్ప్రింగు రాగానే వేస్తానన్నాడు. మంచి మనిషి."

నా గొంతులోంచి వచ్చిన కేకకు వరండాలో వాళ్ళందరూ తిరిగి చూశారు. "వదిలెయ్! ఆ దుప్పటి వదిలెయ్! మెయిన్ ఆపు! పరిగెత్తు!"

అడుగుల చప్పుడు వినబడింది. బుట్టలేవో పడ్డాయి. గర్రుమనే చప్పుడు సన్నబడి, సన్నబడి ఆగిపోయింది.  ఎంతసేపటికో చిలక మళ్ళీ ఫోన్ దగ్గరికొచ్చింది. వెక్కిళ్ళు పెడుతోంది.

"ఆపేశానక్కా. మొదలుపెట్టిన దగ్గర్నుంచీ రెండుసార్లు కొస చేతికి చుట్టుకుంది. ఎలాగో లాక్కున్నా. చచ్చేంత భయమేసింది."

"మరి అడగ్గానే బాగుందన్నావేమే? నడుస్తోంది, వ్యాయామం, మంచి మనిషి... ఏమిటవన్నీ? ఉన్నదున్నట్టు చెప్పొచ్చుగా!"

చిలక ముక్కు ఎగబీల్చింది.

"ఫోన్ చేసింది మీరు కదక్కా" అంది.